అటకను గెలిచే పనితనం

ఎలుకలు కాపురం పెట్టిన అటకను మళ్ళీ ఇంటివాళ్ళకు అప్పగించే మనిషంటే నాకెంతో గౌరవం. ఆయన ఎక్కగానే చీపురు పట్టరు. ఎండిన పెంటికలు ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్కు, రబ్బరు తొడుగులు వేసుకుని, బ్లీచ్ కలిపిన నీళ్ళు చల్లి, బాగా నాననిచ్చి, తడిగుడ్డతో ఎత్తి సంచిలో మూట కడతారు. కొరికిపోయిన బొంతలూ అందులోకే. అసలు విద్య ఆ తర్వాత మొదలవుతుంది. టార్చి ఆర్పి చీకట్లో కూర్చుంటారు. పట్టపగలు పెంకుల కింద ఎక్కడ వెలుతురు చుక్క కనిపిస్తే అక్కడ సందు ఉన్నట్టే. చిట్టెలుకకు 6 మిల్లీమీటర్లు చాలు! దూలం అంచున నల్లటి జిడ్డుచార ఉందంటే, అది ఎలుకలు రోజూ ఒళ్ళు రాసుకుంటూ నడిచిన బాట. ఆ చార పట్టుకుని పోతే కన్నం దొరుకుతుంది. అందులో స్టీలు పీచు కుక్కి, గాజు పెంకులు కలిపిన సిమెంటు మెత్తుతారు. చెక్క, ప్లాస్టిక్ ఆ పళ్ళకు ఆగవు. బతికినన్నాళ్ళూ పెరిగే పళ్ళవి. గాలి ఆడాల్సిన చోట సన్నకన్నుల ఇనప జాలీ. ఆఖరి కన్నం మాత్రం వెంటనే మూయరు. లోపల పిండి చల్లి, మర్నాడు అడుగుజాడలు లేవని చూసుకున్నాకే మూస్తారు. నేను అన్నిటికన్నా మెచ్చేది ఆ ఓర్పునే. ఇక ఆవకాయ జాడీలు, ఇత్తడి బిందెలు, పొలం కాగితాల పెట్టె నిశ్చింతగా పైకెక్కించవచ్చు.