అల్ అహ్సాలో చేతుల లెక్క

సౌదీ అరేబియాలో పల్లె విహారానికి అల్ అహ్సా ఒయాసిస్సు తగిన చోటు. ఖారా కొండ గుహల చల్లదనం, ఖైసరియా బజారు, హసావీ ఎర్రబియ్యపు అన్నం, ఖలాస్ ఖర్జూరాలు అన్నీ మెచ్చదగినవే. 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన ఈ తోటల్లో 25 లక్షల ఖర్జూర చెట్లున్నాయంటారు. చెట్ల లెక్క సరే, చేతుల లెక్క ఏది? ఖర్జూరం నిండుగా కాయాలంటే మనిషి చెట్టెక్కి మగపూల పుప్పొడిని ఆడపూలకు అద్దాలి. గల్ఫు తోటల్లో కూలికి వెళ్ళినవారిలో కరీంనగర్, నిజామాబాద్ పల్లెల తెలుగువారూ ఉన్నారు. చెరకు తోటల రిజిస్టర్లలో నంబర్లుగా మిగిలిన కూలీల మునిమనవలం మనం. పండు తీపిని మాత్రమే పొగడడం మనకు తగదు. అక్కడికి వెళితే, చెట్టెక్కిన మనిషి పేరూ, ఊరూ అడిగి తెలుసుకుందాం.