గోడ దిగిన బొమ్మ

శ్రీకాకుళం చిత్రకారుడు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది వడ్డాది పాపయ్యగారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన ఆయన ‘చందమామ’ అట్టల మీదా, ‘యువ’ పేజీల్లోనూ వేసిన బొమ్మల్ని కత్తిరించి దాచుకోని ఇల్లాలు ఆ రోజుల్లో ఉండేదా అని! మా అమ్మ ట్రంకుపెట్టె అడుగున ఇంకా కొన్ని ఉన్నాయి. బొమ్మ మూలన ‘వపా’ అన్న సంతకం కనిపిస్తే చాలు, మనవాడే అని మురిసిపోయేవారు మా వీధి ఆడవాళ్లు.

అదే జిల్లాలో, పాలకొండ దాటి సీతంపేట కొండలెక్కితే మరో రకం చిత్రకారులున్నారు. వాళ్ల బొమ్మ మూలన సంతకం ఉండదు. ఉండాలని వాళ్లకి తోచనైనా తోచలేదు. సవరల గోడబొమ్మల గురించి చెబుతున్నాను. (2022లో జిల్లాలు విడిపోయాక సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిందనుకోండి. కొండలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.)

ఈమధ్య విజయనగరంలో ఒక చేతిపనుల అంగడికి మా పక్కింటి వదినగారితో కలిసి వెళ్లాను. ఎర్రటి గుడ్డ మీద తెల్లటి సన్నని మనుషులు, చెట్లు, ఏనుగులు. వదినగారు ఒక్క చూపు చూసి, “ఇదేటమ్మా, మా మనవరాలు ఇంతకన్నా బాగా గీసెస్తాది!” అనేశారు. ధర చూశాక ఆ అభిప్రాయం మరింత గట్టిపడింది.

నేను అప్పుడు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

ఈ బొమ్మని మన వైపు ఎడిసింగ్ అంటారు. ఒడిశా వైపు ఇడితాల్ అంటారు. సవర భాషలో ‘సింగ్’ అంటే ఇల్లు. ఆ భాషని పట్టుబట్టి నేర్చుకుని, వ్యాకరణమూ నిఘంటువూ రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన శ్రీకాకుళం వారే. బొమ్మ పేరులోనే ఇల్లుందంటే కారణముంది. ఇది చూసి ఆనందించడానికి గీసింది కాదు. ఇంట్లో జబ్బు చేసినా, పంట బాగా పండాలన్నా, చనిపోయిన పెద్దలు కలలోకి వచ్చినా, ఆ పెద్దలకో దేవతకో గోడ మీద ఒక ఇల్లు కట్టి, ‘ఇదిగో, ఇందులో ఉండండి, మమ్మల్ని చల్లగా చూడండి’ అని అప్పగించే పని. గీయడం అయ్యాక పూజ చేసి పిలుస్తారు. అప్పటిగ్గాని అది బొమ్మ కాదు.

సామగ్రి చూడండి. గోడకి ఎర్రమన్ను అలుకు. బియ్యం నానబెట్టి నూరిన పిండి తెలుపు. నలుపు కావాలంటే దీపం మసి. కుంచె అంటే, చివర నలగ్గొట్టిన వెదురుపుల్ల. అంతే. మన వంటింట్లోనూ, పెరట్లోనూ దొరకనిది ఇందులో ఒక్కటైనా ఉందా?

ఇక పద్ధతి. ముందు చుట్టూ చట్రం గీస్తారు. అంటే ఇంటి గోడలన్నమాట. తర్వాతే లోపలికి వస్తారు, అంచునుంచి నడుముకి. చూడ్డానికి మహారాష్ట్ర వార్లీ బొమ్మలా ఉంటుంది కాబట్టి రెండూ ఒకటేనని పొరబడతాం. వార్లీ మనిషి ఒంట్లో రెండు త్రికోణాలు మొన దగ్గర గట్టిగా కలుసుకుంటాయి. సవర మనిషి ఇంకాస్త సాగి, మెత్తగా ఉంటాడు, ఆ మొన అంత పదునుగా ఉండదు. వార్లీలో ఆడా మగా పోల్చుకోగలం. ఇక్కడ చాలాసార్లు పోల్చుకోలేం. పిల్లలు కాగితం మధ్యలో మనిషిని గీసి, ఆ తర్వాత ఇల్లు ఎక్కడ పెట్టాలా అని వెతుక్కుంటారు. వదినగారి మనవరాలికీ కొండమీది చిత్రకారుడికీ తేడా అక్కడుంది. ఆయన ముందు ఇల్లు కట్టి, తర్వాత ఒక్కొక్కరినీ లోపలికి పిలుస్తాడు.

ఆ పిలుపులో ఎవరెవరు వస్తారనుకున్నారు? సూర్యుడు, చంద్రుడు, నెమలి, ఏనుగు మాత్రమే కాదు. వెరియర్ ఎల్విన్ దొర 1951లోనూ 1955లోనూ అచ్చువేసిన పుస్తకాల్లో ఆ కొండల గోడబొమ్మల గురించి వివరంగా రాశాడు. అప్పటికే ఆ గోడల మీదికి సైకిళ్లూ, రైళ్లూ, విమానాలూ వచ్చేశాయి. దేవతకి విమానమెక్కాలని ఉండదా ఏం! ‘అచ్చమైన ప్రాచీన కళ’ అని మనం ముచ్చటపడేది, వాళ్ల మటుకు వాళ్లకి ఎప్పటికప్పుడు కొత్తది.

మరి అంగట్లో చూసిన గుడ్డ మాటేమిటి? అక్కడ ఎరుపు డబ్బాలో రంగు. తెలుపు కూడా అంతే. మంచి పనే. చెరగదు, బూజు పట్టదు, గొట్టంలో చుట్టి రైల్లో పంపించుకోవచ్చు. కుర్రవాళ్లకి నాలుగు డబ్బులొస్తాయి. ఒడిశాలోని లాంజియా సవర చిత్రాలకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మట్టిగోడలు పోయి సిమెంటు గోడలు వస్తున్నప్పుడు, గోడ మీదే గీయండి అనడానికి మనమెవరం?

అలా అనే హక్కు మనకసలు లేదు. మన గుమ్మం చూసుకోండి. ఒకప్పుడు బియ్యప్పిండితో ముగ్గు పెట్టేవాళ్లం. పొద్దెక్కేసరికి చీమలు తినేసేవి. అది నష్టం కాదు, చీమలకి పెట్టిన అన్నం. తర్వాత ముగ్గురాయి పిండి వచ్చింది. చీమ వాసన చూసి వెళ్లిపోయింది. తర్వాత పెయింటు వేసి ‘ఇక రోజూ పనిలేదు’ అన్నాం. ఇప్పుడు అంటించుకునే కాగితం ముగ్గు కూడా దొరుకుతోంది. గీత అదే, చుక్కలు అవే. కానీ ఆ ముగ్గు ఎవరికీ ఏమీ పెట్టడం లేదు. సామగ్రి మారితే ఆకారం మిగులుతుంది, పని పోతుంది. గోడ దిగిన సవర బొమ్మకీ ముంచుకొచ్చిన ప్రమాదం అదే. అది గుడ్డ మీదికి వచ్చినందుకు నాకు బాధ లేదు. ఇల్లు మర్చిపోతుందేమోనని బెంగ.

అంగట్లో ఆ జాడలు కనబడ్డాయి కూడా. ఒక చేతిసంచీ మీద చట్రం తీసేసి, మనుషుల్ని మాత్రం పువ్వుల్లా చల్లేశారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ ఇల్లు లేని ఆ మనుషులు చీర అంచు మీది బుటాల్లా ఉన్నారు, ఎవరికీ ఏమీ కారు. ఇంకో గుడ్డ మీద ఒకే మనిషి నలభైసార్లు, అచ్చు గుద్దినట్టు. పుల్లతో పిండి గీత గీస్తే ఒకచోట లావు, ఒకచోట సన్నం వస్తుంది. ఆ ఒణుకులోనే చెయ్యి కనబడుతుంది. డబ్బా రంగుతో కూడా ఆ ఒణుకు నిలుపుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లే నా లెక్కలో చిత్రకారులు.

అందుచేత మీరెప్పుడైనా ఈ బొమ్మ కొనబోతే మూడు సంగతులు చూడండి. చట్రం ఉందా? గీతలో చెయ్యి కనబడుతోందా? గీసినవాడు తాను చూసిన లోకంలోంచి ఏదో ఒకటి లోపలికి తెచ్చాడా? మూడూ ఉంటే గుడ్డయినా, కాగితమైనా, గోడయినా అది ఇల్లే. వీలైతే గీసినవాళ్ల పేరు కూడా అడగండి. గోడ మీద పేరు అక్కర్లేదు, అది పెద్దల కోసం గీసింది. అంగట్లో అమ్మకానికి వచ్చాక మాత్రం అక్కరే. ‘వపా’ సంతకానికి మురిసిన మనం ఈ పేరుకి మురవకపోతే ఎలా?

నేనొకటి కొన్నాను. అడుగున, కుడిపక్క, చెట్టుకింద ఒక బస్సు ఉంది. లోపల కిటికీకో మనిషి. మొన్న వదినగారు మా ఇంటికొచ్చి చాలాసేపు దానికేసి చూశారు. “ఈ బస్సు ఎక్కడికెల్తాదమ్మా?” అన్నారు.

సీతంపేటకే అయ్యుంటుంది అన్నాను. ఆవిడ నవ్వలేదు. దగ్గరకి జరిగి కిటికీలు లెక్కపెట్టడం మొదలెట్టారు.