శుక్రవారం ఆటకు కరెంటు లేదు

ఈ వారం కాలమిస్టుకు ఒళ్లు మండించినది ఒక రెండున్నర స్టారు. స్టార్ల మీద ఆయన గుర్రు ఈ పేజీ చదివేవాళ్లకు కొత్త కాదు. మార్కులు లెక్కల మాస్టారు వేయాలి గాని సమీక్షకుడికెందుకన్నది పాత పాటే. ఈసారి అవి పడ్డది సినిమాకు కూడా కాదు, 'ఆంటూరాజ్' అనే అమెరికన్ సీరియల్లో ఒకే ఒక్క ఎపిసోడ్‌కు. రాసింది మేనల్లుడు.

"అరగంట ఎపిసోడ్‌కు సెకండాఫ్ లాగ్ ఏమిట్రా?"

"ఉంది మావయ్యా. చూడు."

హెచ్‌బీఓలో 2004 నుంచి 2011 దాకా ఎనిమిది సీజన్లు, 96 ఎపిసోడ్లు నడిచిన సీరియల్ అది. న్యూయార్క్ క్వీన్స్ నుంచి హాలీవుడ్‌కు ఎక్కొచ్చిన హీరో విన్సెంట్ చేజ్, మేనేజరుగా మారిన దోస్తు ఎరిక్, కారు తోలే టర్టిల్, వేషాల కోసం తిరిగే అన్న జానీ డ్రామా. మన ఫిల్మ్‌నగర్ భాషలో హీరోగారి బ్యాచ్. నిర్మాతల్లో ఒకడైన మార్క్ వాల్‌బర్గ్ సొంత బ్యాచే దీనికి మూలం. తమ్ముడి నీడలో నలిగే అన్నగా వేసిన కెవిన్ డిలన్, అసలు జీవితంలో స్టార్ మ్యాట్ డిలన్‌కు తమ్ముడు. ఆ ముఖంలో ఉక్రోషం అంత బాగా పండిందంటే పండదూ మరి!

మేనల్లుడు ఎంచుకున్నది 2006లో వచ్చిన 'వన్ డే ఇన్ ద వ్యాలీ'. విన్సెంట్ నటించిన 'ఆక్వామ్యాన్' రిలీజు రోజు. లాస్ ఏంజెలెస్‌లో ఎండలు మండిపోతున్నాయి, పేట పేటకూ కరెంటు కోతలు. 2002లో 'స్పైడర్‌మ్యాన్' తొలి మూడు రోజుల్లో తెచ్చిన పదకొండున్నర కోట్ల డాలర్లను దాటాలని అందరి తాపత్రయం, ఏజెంట్ ఆరి గోల్డ్‌ది మరీనూ. ఆ వేషానికి జెరెమీ పివెన్ వరసగా మూడేళ్లు ఎమ్మీ అందుకున్నాడు.

కాలమిస్టు వాదం సిద్ధంగానే ఉంది. ఎపిసోడ్ విస్తట్లో ఒక గారె. దాన్నొక్కదాన్నీ తిని పెళ్లి భోజనం ఎలా ఉందో చెప్పకూడదు. సీజనంతా చూశాకే కలం పట్టాలి. ఇది రాద్దామనే ఆయన ఆ ఎపిసోడ్ మళ్లీ పెట్టుకున్నాడు. ఎపిసోడ్‌లో సినిమా హాల్లో కరెంటు పోయింది. అంతే, గారె సంగతి మరిచిపోయాడు.

ఆయనకు గుర్తొచ్చింది వేరే హాలు: తణుకు దగ్గర ఒక ఊరు, ఎనభైలు, మొదటి రోజు మ్యాట్నీ. హీరో గుర్రం ఎక్కుతుండగా బొమ్మ ఆగింది. నేల టికెట్టువాళ్లు ఈలలేశారు, కుర్చీలవాళ్లు తిట్టారు. కాసేపటికి రెండూ ఆగి, చీకట్లో గోలీసోడాల చప్పుడొక్కటే మిగిలింది. జనరేటర్‌కు డీజిల్ లేదట. పొద్దుటాట చూసి మళ్లీ వచ్చినవాడొకడు లేచి తర్వాతి కథ చెప్పబోతే నలుగురు పట్టి కూర్చోబెట్టారు. గేటు దగ్గర గుమస్తా టార్చిలైటు చంకలో ఇరికించుకుని, ఆ రోజు కలెక్షన్ లెక్క రాసే డీసీఆర్ కాగితం తిరగేసి విసురుకుంటున్నాడు. గంటకు కరెంటొచ్చింది. ఫస్ట్ షో టైము మించిపోతుందని ఓనరు ఒక రీలు ఎత్తేయించాడు. హీరో గుర్రం మీద ఉన్నవాడు ఉన్నట్టే పెళ్లిపీటల మీదికొచ్చాడు. జనం ఈలలు మాత్రం తగ్గలేదు. బయటికొస్తూ ఎవరో అడిగారు, "ఎలా ఉందిరా?" "సూపరు." రీలు పోయిన సంగతి వాడికి తెలుసు. అయినా వాడు చూసిన బొమ్మ అదే.

తెర మీద హాలు చీకటైనా కాలమిస్టు గుండె మాత్రం కొట్టుకోలేదు. రికార్డు బద్దలవుతుందని ఆయనకు తెలుసు. తర్వాతి సీజన్లో ఇదే విన్సెంట్ 'మెడెలిన్' పట్టుకుని కాన్ వెళ్లి పరువు పోగొట్టుకుంటాడనీ తెలుసు. సీరియల్లో జేమ్స్ కామెరాన్ తీసినట్టు చూపిన 'ఆక్వామ్యాన్'ను 2018లో జేమ్స్ వాన్ నిజంగానే తీస్తే వంద కోట్ల డాలర్లు దాటిందనీ తెలుసు. అన్నీ తెలిసినవాడు పొద్దుటాట చూసొచ్చి లేచి నిలబడినవాడే.

మేనల్లుడి కాగితం మళ్లీ తీశాడు. మొదటిసారి కోపంలో దాటేసిన వాక్యం కనిపించింది: 'కరెంటు పోయాక బ్యాచ్ కుర్రాళ్ల పార్టీకెళ్తుంది. నాకు పార్టీ అక్కర్లేదు. కలెక్షనెంతో చెప్పండి బాబూ అనిపించింది.' సెకండాఫ్ లాగ్ అంటే ఇదన్నమాట. ఎపిసోడ్ సరిగ్గా పట్టుకోవాల్సినచోటే వాణ్ని పట్టుకుంది. న్యూజెర్సీ స్టార్-లెడ్జర్ పత్రికలో టీవీ సమీక్షకుడు అలన్ సెపిన్‌వాల్ ఏళ్ల తరబడి ఎపిసోడ్లకు రాసిందీ ఇలాగే, సీజన్ ముగిసేదాకా ఆగకుండానే.

కాలమిస్టు ఫోన్ చేసి, ఒక్క అక్షరం మార్చొద్దన్నాడు. ఆ రెండున్నర మాత్రం కొట్టేయమన్నాడు.

"సరే మావయ్యా. మూడు చేస్తాలే."