పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో!

సినిమా చూసి బాగుందనో బాగోలేదనో అనడం ఒకటి. "బయటివాళ్ళు ఇది చూస్తే మన గురించి ఏమనుకుంటారు?" అనడం వేరొకటి. రెండోది విమర్శలా వినిపిస్తుంది గాని విమర్శ కాదు. ఈ తేడా తెలియాలంటే సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' కథ గుర్తుచేసుకోవాలి.

విభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల 1929లో పుస్తకంగా వచ్చింది. రాయ్ దాన్ని 1955లో తెరకెక్కించాడు. మధ్యలో డబ్బయిపోతే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకుంది. పేరులో 'దారి' ఉంది కదా అని ఆ సొమ్ముని రోడ్ల బాగుచేత పద్దులో రాసుకున్నారట! 1958లో న్యూయార్క్‌లో విడుదలైనప్పుడు న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు బాస్లీ క్రౌథర్ కొంత మెచ్చుకుంటూనే పెదవి విరిచాడు. హాలీవుడ్ లెక్కన ఇది ఎడిటింగ్ పూర్తికాని సినిమాలా ఉందన్నాడు. జనం మాత్రం నెలల తరబడి చూశారు.

1980లో దెబ్బ ఇంట్లోంచే తగిలింది. అప్పుడు రాజ్యసభ సభ్యురాలిగా ఉన్న నటి నర్గీస్, రాయ్ మన దరిద్రాన్ని విదేశాలకి ఎగుమతి చేస్తున్నాడన్నారు. మరి ఏం చూపించాలయ్యా అంటే, ఆనకట్టలు! ఆవిడ నటించిన 'మదర్ ఇండియా'(1957)లో అప్పులకీ, వరదకీ, ఆకలికీ కొదవలేదు. అది ఆస్కార్ పోటీదాకా వెళ్ళింది కూడా. కాకపోతే ఆ సినిమా మొదట్లోనే కాలవ ప్రారంభోత్సవం ఉంది మరి.

ఆయన చేతిలో హాలీవుడ్ కొలబద్ద, ఈవిడ చేతిలో దేశం పరువు కొలబద్ద. ఈ కొలతల గొడవలో సినిమాలోని మనుషులు పక్కకి పోయారు.

ముసలి ఇందిర్ కోసం దుర్గ తోటలోంచి జామకాయలు దొంగతనంగా తెస్తుంది. మిఠాయివాడి వెనకాల పిల్లలిద్దరూ, వాళ్ళ వెనకాల ఒక కుక్క నడుస్తాయి. కొనడానికి కాసు లేదు, అయినా ఆ నడకలో ఎంత హుషారు! నవలలో తొందరగా చచ్చిపోయే ఇందిర్‌ని రాయ్ సినిమాలో చాలాసేపు బతికించాడు. జాలి పుట్టించడానికే అయితే ఒక్క సీను చాలు. ఆ ముసలామెకీ పిల్లలకీ ఉన్న చనువు మనకి తెలియాలని ఆ పని చేశాడు. దరిద్రాన్ని అమ్ముకునేవాడికి ఆకలి ఒక్కటీ చాలు. రాయ్‌కి ఆ ఆకలిగొన్న మనిషి చాపల్యం, ఉక్రోషం, నవ్వు కూడా కావాలి.

కనక విమర్శకుడు అడగవలసింది పేదరికం చూపించాడా అని కాదు, పేదవాళ్ళని మనుషులుగా చూపించాడా అని. ఈ ప్రశ్నతో ఒక సినిమాని గట్టిగా దులపవచ్చు కూడా. 2008లో 'స్లమ్‌డాగ్ మిలియనీర్' వచ్చినప్పుడు ఆ పని వదిలేసి, చాలామంది మళ్ళీ పరువు గొడవలోనే పడ్డారు.

పరాయిదేశంలో ఉన్న మనకి ఈ భయం మరీ ఎక్కువ. ఆఫీసులో ఎవరో సినిమా చూసొచ్చి "మీ ఊరూ ఇంతేనా?" అని అడుగుతారు. ఆ ఇబ్బంది నిజమైనదే. కాని ఆ ఇబ్బందినే మన కథల మీదికీ తెచ్చుకుంటున్నాం. కథలో కులం, కట్నం, పెళ్ళాన్ని కొట్టే మొగుడు కనిపిస్తే "ఇవన్నీ ఇక్కడి పిల్లలకి ఎందుకండీ?" అంటాం. అలా అనగా అనగా, రాసేవాడు కూడా ఆనకట్టల గురించే రాయడం మొదలెడతాడు. ఆనకట్టలు గొప్పవే. కాని వాటికింద మునిగిన ఊళ్ళలో ఎవరుండేవారో కథకులు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?