పనిపేరు ఇంటిపేరయ్యేదెప్పుడు?

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఏ కోచింగ్ సెంటర్ హాజరుపట్టీ తిరగేసినా ముందు కనిపించేది పేరు కాదు, పొడి అక్షరం. కె. రమేశ్, బి. స్వాతి, సి.హెచ్. నరేశ్. ఆ ‘కె’ కందుకూరి కావచ్చు, కొండా కావచ్చు, కుమ్మరి కావచ్చు, కమ్మరి కావచ్చు. పొడి అక్షరంగా ఉన్నంతసేపు నలుగురూ ఒకటే. ఆ కుర్రాడే జావా కోర్సు ముగించుకుని పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టుకునేసరికి ‘సర్‌నేమ్’ అన్న గడి ఎదురవుతుంది. అక్కడ ‘కె’ అంటే చెల్లదు, విప్పి రాయాలి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో అసలు పేరు వెళ్ళి ఇంటిపేరు చోట కూచుంటుంది, పేరుండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. బారసాల చేసి, బియ్యంలో రాసి పెట్టిన పేరు తెలియకుండా పోతుందన్నమాట. ఇంతకీ ఈ గడిని గీసినవాళ్ళ మనసులో ఉన్నది మన ఇంటిపేరు కాదు. యూరప్‌వాళ్ళ వంశనామం. రెండూ ఒకటే అనుకుని ఒకదాన్ని ఇంకొకదాని గడిలో నింపడంలోనే చిక్కంతా ఉంది. ఆ తేడా అన్నిటికంటే స్పష్టంగా బయటపడేది పనిపేర్ల దగ్గర.

ఫ్రాన్స్‌లో ల్ఫెవ్ర్ అన్న పేరు చూడండి. దాని అర్థం కమ్మరి. లాటిన్‌లో ‘ఫాబెర్’ అంటే పనివాడు; ఆ మాటే ఉత్తరాన ల్ఫెవ్ర్ అయింది, దక్షిణాన ఫాబ్ర్, ఫోర్ అయింది. బ్రెటన్ భాష మాట్లాడే చోట కమ్మరికి ఇంకో మాట ఉంది కాబట్టి అక్కడ ల్ గోఫ్ అన్నారు. ఊరికి ఒకే కొలిమి, దాని ముందు ఒకే మనిషి. నలుగురు జానుల్లో ‘కమ్మరి జాను’ అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. దొరగారి పొయ్యిలోనే ఊరంతా రొట్టె కాల్చుకోవాల్సిన రోజుల్లో ఆ పొయ్యి చూసుకునేవాడు ఫుర్నియే. పిండిమర తిప్పేవాడు మ్యూనియే. తండ్రి పేరు కొడుక్కి అంటుకుంది గానీ, తండ్రి పని అంటుకోవాలన్న నియమమేమీ లేదు. కమ్మరి కొడుకు రొట్టెలు కాల్చుకోవచ్చు, అప్పుడు కూడా వాడు ల్ఫెవ్రే. 1539లో ఫ్రాన్స్వా రాజు విల్లేర్-కొత్రే శాసనంతో చర్చిల్లో బాప్టిజం చిట్టాలు తప్పనిసరి చేశాక ఆ పేర్లు కాగితంమీద గట్టిపడ్డాయి. రాయసగాళ్ళు తమ లాటిన్ పాండిత్యం చూపించుకోవడానికి ల్ఫెవ్ర్ స్పెల్లింగులో, ఎవరూ పలకని ‘బి’ ఒకటి తెచ్చి ఇరికించారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది, పలకకుండానే. పురుగుల జీవితం మీద సంపుటాలకి సంపుటాలు రాసిన జాఁ-ఆఁరీ ఫాబ్ర్ ఏనాడూ సుత్తి పట్టిన మనిషి కాడు.

మన ఊళ్ళోనూ కొలిమి ఒకటే కదా, మరి తెలుగువాళ్ళలో ‘కమ్మరి’ అంత విరివిగా ఇంటిపేరు ఎందుకు కాలేదు? మాటలు లేక కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయం మీద, 1971లో చేనేత మీద వచ్చిన మాండలిక వృత్తిపదకోశం సంపుటాలు తెరిస్తే పనిమాటలు కుప్పలు. కారణం ఇంటిపేరు చేసే పనిలో ఉంది. తెలుగు ఇంటిపేరు ఊళ్ళో మనిషిని గుర్తుపట్టడానికి పుట్టింది కాదు, పెళ్ళిలో వరస తేల్చడానికి నిలబడింది. ఒకే ఇంటిపేరంటే మామూలుగా దాయాదులు, అన్నదమ్ముల వరస. వాళ్ళ మధ్య సంబంధం కుదరదు. పెళ్ళేమో కులంలోనే జరగాలి. కులానికి పని ఒకటే అయినప్పుడు ఆ పనే ఇంటిపేరైతే పిల్లనిచ్చే ఇల్లే దొరకదు. అందుకే కమ్మరి కులం లోపలి ఇంటిపేర్లు ఊళ్ళ నుంచి, చెట్ల నుంచి, వస్తువుల నుంచి వచ్చాయి. ‘కమ్మరి’ అన్నది ఊరు పిలిచే పిలుపు, బయటివాళ్ళ నోట్లో మాట. దీనికి ఐలమ్మ కంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు. పాలకుర్తిలో దొర మీద తన పంట కోసం నిలబడ్డ ఆ మనిషి పుట్టింటి పేరు ఓరుగంటి, మెట్టినింటి పేరు చిట్యాల. రెండూ ఊళ్ళ పేర్లే. రెండూ వేరు కాబట్టే ఆ పెళ్ళి జరిగింది. లోకానికి మాత్రం ఆమె చాకలి ఐలమ్మ.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళు కరణం, జోస్యుల, భాగవతుల అన్న ఇంటిపేర్లు ముందుకు తెస్తారు. అవి పనిపేర్లు కావా? ముమ్మాటికీ పనిపేర్లే. కానీ అవి ఎక్కువగా ఏ కులంలో ఉన్నాయో చూస్తే సంగతి తెలుస్తుంది. బ్రాహ్మణులందరూ జోస్యం చెప్పలేదు, అందరూ భాగవతం ఆడలేదు. కాబట్టి అక్కడ పనిపేరు ఒక ఇంటిని ఇంకో ఇంటినుంచి విడదీయగలిగింది. కూచిపూడిలో 1763 నాటి ఆస్తి పంపకపు కాగితంలో భాగవతుల, వేదాంతం, జోస్యుల వంటి పేర్లు వేర్వేరు ఇళ్ళుగా నమోదు కావడం అందువల్లే. కరణం సంగతి ఇంకా తమాషా. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్నే ఎత్తేసింది. పదహారేళ్ళ తర్వాత సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి బరువులెత్తి కాంస్యం తెచ్చింది. ఆ పేరు విని ఎవరికీ శిస్తు లెక్కలు గుర్తు రాలేదు. పని పోయింది, పేరు మిగిలింది. ల్ఫెవ్ర్ దారి అదే. సినిమావాళ్ళయితే ఈ దారిని ఒక్క ఏడాదిలో నడిచేశారు. 1950లో ‘షావుకారు’ వచ్చింది, జానకి ముందు ‘షావుకారు’ వచ్చి చేరింది, ఆమె వడ్డీకి అప్పిచ్చిన దాఖలా ఏమీ లేకుండానే.

ఇంకో అభ్యంతరం బరువైనది. ఇప్పుడు తెలంగాణ పల్లెల నుంచి వచ్చే పిల్లల సర్టిఫికెట్లలో చాకలి, మంగలి, కుమ్మరి, వడ్ల, బోయ అని ఇంటిపేరుగానే ఉంటోంది కదా? ఉంటోంది. కానీ ఆ పేరు రాసింది ఇంటివాళ్ళు కాదు. బడిలో వేసే రోజు పంతులు అడిగాడు, తండ్రి ఊరివాళ్ళు పిలిచే పేరు చెప్పాడు, లేదా అతను చెప్పకముందే పంతులు రాసేసుకున్నాడు. అసలు ఇంటిపేరు పెళ్ళిళ్ళలోనే ఉండిపోయింది, పిలుపు పదో తరగతి మెమో మీదికి ఎక్కింది. ఫ్రెంచి రాయసగాడు ఒక అక్షరం ఇరికించి ఊరుకున్నాడు, మనవాడు కులాన్నే ఇరికించాడు. ఫ్రెంచివాళ్ళు తమ గడిని మన దాకా కూడా తెచ్చారు: యానాంతో కూడిన ఫ్రెంచి ఇండియాలో 1881 నాటి డిక్రీ కింద సొంత ఆచారచట్టం వదులుకునేవాళ్ళు తరతరాలకీ చెల్లే కుటుంబనామం ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది. ఎంచుకోవడం అన్నది గమనించాలి. సర్టిఫికెట్టు మీద ‘చాకలి’ని ఎవరూ ఎంచుకోలేదు. అయితే ఐలమ్మ పేరే దీన్ని తిరగేసింది కూడా. 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతూ చిట్యాల అనలేదు, చాకలి అన్నారు. బయటివాళ్ళ నోట్లో తక్కువగా మొదలైన మాట పోరాటం వల్ల గౌరవపు మాటయింది. దాన్ని కొట్టేసి ‘అసలు’ ఇంటిపేరు పెట్టాలనడం నా దృష్టిలో పొరపాటు.

మరి కుమ్మరి అన్న సర్‌నేమ్‌తో అమీర్‌పేటలో పైథాన్ నేర్చుకుంటున్న పిల్ల, ఫాబ్ర్ లాంటిదే కదా? సగం వరకు అవును. ఆమె సారె తిప్పలేదు, మట్టి తొక్కలేదు. పని పేరునుంచి ఊడిపోయింది. కాస్త ముందుకి వెళ్ళి పంజగుట్టలో చూస్తే రెండోవైపు కనిపిస్తుంది: వరసగా నగల షోరూములు, లోపల ఏసీలో హారాలు, కౌంటర్‌లో కంప్యూటర్ బిల్లు. ఆ హారం మీద నకాషీ పని చేసిన కంసాలి పేరు ఆ బిల్లు మీద ఉండదు. పని ఒకచోట, పేరు ఒకచోట. ఫ్రాన్స్‌లో ఇది జరగడానికి శతాబ్దాలు పట్టింది, ఇక్కడ ఒకటి రెండు తరాల్లో జరిగింది. కానీ ల్ఫెవ్ర్ అన్న పేరు విని ప్యారిస్‌లో ఎవరూ అతని తాతని ఏ బావి దగ్గర నిలబెట్టారో లెక్కకట్టరు. డాలస్ ఆఫీసులో బ్యాడ్జి మీద ‘కుమ్మరి’ అని ఉంటే తోటివాళ్ళకి పలకడం ఎలాగన్నదొక్కటే ఇబ్బంది. ఆ బ్యాడ్జితోనే ఆఫీసునుంచి నేరుగా తెలుగువాళ్ళ వినాయకచవితి పందిరికి వస్తే, పక్కనున్నాయన ‘మీదే ఊరమ్మా?’ అని అడుగుతాడు. మామూలుగా దాని తర్వాత ఇంకో ప్రశ్న ఉంటుంది. అది అడగడు, బ్యాడ్జి చదివేశాడు కాబట్టి.