పడుకుంటే దాక్కునే జబ్బు

సబ్బవరంలో మా వీధి చివర ఒక మావయ్య ఉన్నాడు. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. పోర్టులో కలాసీగా చేసి రిటైరయ్యాడు. పొద్దున్నే టీకని జంక్షన్‌కి బయల్దేరి దారిలో రెండుచోట్ల కూలబడతాడు: ఒకసారి కల్వర్టు గట్టు మీద, ఇంకోసారి కిరాణా కొట్టు అరుగు మీద. "రెండు కాళ్లూ బరువెక్కి మొద్దుబారిపోతన్నాయి బాబూ. కూకుంటే రెండు నిమిసాల్లో సర్దుకుంటాది. సైకిలెక్కితే మాత్రం పెందుర్తి దాకా పోయొచ్చెత్తాను" అన్నాడు ఓరోజు.

నేను సిటీలో ఎమ్మారై టెక్నీషియన్‌ని. ఆ మాటతో స్కాను సగం అయిపోయినట్టే అనిపించింది. నిటారుగా నిలబడి నడిస్తే నడుము దగ్గర నరాలు సాగే వెన్ను కాలువ ఇరుకవుతుంది, ముందుకు వంగితే కాస్త తెరుచుకుంటుంది. సైకిలు హ్యాండిల్ పట్టుకున్నవాడు వంగే ఉంటాడు కదా. అదే కాళ్ల రక్తనాళాలు పూడిపోయి వచ్చే నొప్పయితే సైకిలు తొక్కినా వదలదు, ఊరికే నిలబడితే తగ్గుతుంది. నడుము కాలువ ఇరుకవడం వల్ల వచ్చే ఈ బాధను డచ్ న్యూరోసర్జన్ హెంక్ వెర్బీస్ట్ 1954లోనే వివరంగా రాశాడు. అప్పటికి ఎమ్మారై అన్న మాటే పుట్టలేదు. 1977 జులై 3న డమాడియన్ అనే పరిశోధకుడి బృందం మొదటిసారి మనిషి ఛాతీని స్కాన్ చేసినప్పుడు ఒక్క బొమ్మకి దాదాపు 5 గంటలు పట్టింది. ఇప్పుడు నడుము మొత్తం అరగంటలో తీసేస్తున్నాం.

కానీ ఎలా తీస్తున్నాం? వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ల కింద దిండు పెట్టి. కాళ్లు చాపుకుని కదలకుండా ఉండలేరని పెడతాం. అలా మోకాళ్లు మడిచి పడుకుంటే కాలువ కొంచెం తెరుచుకుంటుంది. జబ్బు నడకలో ఉంటే, మేం పడక మీద వెతుకుతున్నామన్నమాట. అందుకే మనిషి గేటు దగ్గర్నుంచి నా టేబుల్ దాకా ఎలా నడిచొచ్చాడో చూస్తాను. ఎన్నిసార్లు ఆగాడు, గోడ పట్టుకున్నాడా, వంగి నడిచాడా.

టేబుల్ ఎక్కించే ముందు తతంగం ఇంకోటి. మాది 1.5 టెస్లా అయస్కాంతం, భూమి అయస్కాంత శక్తికి సుమారు 30,000 రెట్లు. స్కాను లేనప్పుడూ అది పని చేస్తూనే ఉంటుంది. అందుకే ఒంటి మీద ఇనుము ఏదీ లేకుండా చూడాలి. ఆడవాళ్ల పుస్తెలతాడుకి ఎన్ని పిన్నీసులుంటాయో వాళ్లకే లెక్క తెలీదు. తాడు తియ్యడానికి మనసొప్పని పెద్దవాళ్లు పసుపుకొమ్ము కట్టిన దారం వేసుకుని వస్తారు. మొలతాడుకి తాయెత్తులు సరేసరి. మాది స్టీలు ప్లాంటున్న ఊరు కాబట్టి నేను మర్చిపోకుండా అడిగే ప్రశ్న వేరే ఉంది: గ్రైండింగు పని చేశారా, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా? అవునంటే కంటికి ఎక్స్‌రే తీశాకే లోపలికి. ఇరుక్కున్న రజను అయస్కాంతం దగ్గర కదిలితే చూపే పోవచ్చు.

ఇక బొమ్మ. మేం టీ2 అని పిలిచే రకం బొమ్మలో నీరు తెల్లగా కనిపిస్తుంది. అడ్డంగా కోసినట్టు చూస్తే, తెల్లటి నీళ్లలో నువ్వు గింజల్లా నల్లటి నరాలు. వయసు మీదపడ్డాక ముందునుంచి డిస్కు ఉబ్బుతుంది, వెనకనుంచి పసుపు రంగు లిగమెంటు మందమవుతుంది, పక్కల కీళ్లు పెరుగుతాయి. మూడువైపులా తోసుకొస్తే తెల్లదనం పోయి నరాలన్నీ ముద్దకడతాయి. చాలామందిలో ఇది ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుము నాలుగో, ఐదో పూసల మధ్య.

అయితే బొమ్మ చూసి బెంబేలెత్తకూడదు. 1990లో బోడెన్ అనే డాక్టరు బృందం నడుము నొప్పి ఎప్పుడూ ఎరగని 67 మందిని స్కాన్ చేసింది. 60 దాటిన వాళ్లలో 21 శాతం మందికి కాలువ ఇరుకుగా ఉంది. వాళ్లకి ఏ బాధా లేదు. డాక్టరు చెయ్యి పడకముందే స్కాను తీయించుకుని, రిపోర్టులో "సివియర్" అన్న మాట చదువుకుని నిద్ర మానేసిన వాళ్లను వారానికొకరినైనా చూస్తుంటాను.

దీనికి తిరగేసిన తప్పు నేనే చేశాను. కొత్తలో, ఒకాయన కాళ్లు బిర్రబిగిసినట్టు, పాదాలు నేలకి రాసుకుంటూ వచ్చాడు. చీటీలో నడుము అని ఉంది, నడుమే తీశాను. అక్కడ కాస్త ఇరుకు కనిపించింది, సరిపోయిందనుకున్నాను. నడకను ఎవరికీ చెప్పలేదు. నెలల తర్వాత ఇంకోచోట తేలింది, అసలు నొక్కు మెడ దగ్గర. నడుములో నొక్కుకుంటే కాళ్లు వాలిపోతాయి. బిగుసుకుంటున్నాయంటే పైన వెతకాలి. ఫ్లోరైడు నీళ్ల ప్రాంతాల్లో ఈ సంగతి బాగా తెలుసు. 1937లో ఇప్పటి ప్రకాశం జిల్లా వైపు పల్లెల్లో ఫ్లోరోసిస్‌ను గుర్తించారు. అక్కడా, నల్గొండలోనూ లిగమెంట్లు ఎముకలా గట్టిపడి మెడలో, వీపులో వెన్నుపామునే నొక్కేస్తాయి. ఇప్పుడు అలాంటి నడక కనిపిస్తే రేడియాలజిస్టుకి ఫోన్ చేసి అడిగి, వెన్ను మొత్తం ఒకసారి నిలువుగా తీస్తాను. నాలుగైదు నిమిషాల పని.

మావయ్యకీ స్కాను తీశాం. రెండుచోట్ల ఇరుకుంది, ఒకచోట గట్టిగానే. సర్జన్ బొమ్మ పక్కన పెట్టి, నడిపించి, కాలి బొటనవేలు పైకెత్తించి చూశాడు. బలం తగ్గలేదు. ఇప్పుడే ఆపరేషను వద్దు, వ్యాయామం చెయ్యి, సైకిలు తొక్కు అన్నాడు. రేపు చెయ్యాల్సి వస్తే ఎముక ఎక్కడ తియ్యాలో చెప్పేది మాత్రం ఆ బొమ్మే. ఒకవేళ మూత్రం బిగిసినా, కూర్చునే చోట స్పర్శ పోయినా ఆ రోజే ఆసుపత్రికి రావాలని రెండుసార్లు చెప్పాడు.

మీరూ స్కానుకొస్తే పాత ఫిల్ములు తెచ్చుకోండి. ఎంత దూరం నడిచాక కూర్చోవాల్సి వస్తోందో, ఏం చేస్తే తగ్గుతోందో మాకు చెప్పండి. కంట్లో రజను పడిన సంగతి అడక్కపోయినా చెప్పండి.