రాకెట్లు మోసిన రవాణా హెలికాప్టర్

గోదావరి పొంగినప్పుడు మా కె.గంగవరం, కోటిపల్లి వైపు జనానికి హెలికాప్టర్ అంటే లంకల్లో చిక్కుకున్నవాళ్లకు ఆహార పొట్లాలు వేసేదే. వాయుసేన ఎంఐ-17 ఆ కోవలోదే. ఇరవై మందికి పైగా సైనికులను ఎక్కించుకునే పెద్ద యంత్రం. దానికే రెండు పక్కలా రాకెట్ గొట్టాలు బిగించి, 1999 కార్గిల్ యుద్ధంలో తోలోలింగ్ శిఖరం మీదికి పంపారు.

సరుకులు మోసేదాన్ని యుద్ధానికి సిద్ధం చేయడం మన మెకానిక్‌లకు కొత్త కాదు. 1971లో నాగాలాండ్‌లోని దిమాపూర్‌లో ఒక చిన్న అలూయెట్ హెలికాప్టర్‌కు రాకెట్లు, మెషిన్‌గన్ అమర్చి, కింద ఇనుప రేకు వేశారు. డిసెంబర్ 3 రాత్రి అది అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని నారాయణగంజ్ దగ్గరి ఇంధన డిపోను కాల్చింది. ఉన్న సామానుతో అంత పని సాధించిన ఆ చేతులంటే నాకు ఎనలేని గౌరవం.

అయితే ఆయుధం బిగించినంత మాత్రాన హెలికాప్టర్ స్వభావం మారదు. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడి రెక్కలకు బలం తగ్గుతుంది. రాకెట్ల బరువు, కవచం బరువు, ఇంధనం బరువు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ఎంఐ-17 రాకెట్లకు దారి చూపే పరికరం లేదు. పైలట్ యంత్రం ముక్కునే శత్రువు వైపు తిప్పి, దగ్గరికి వెళ్లి వేయాలి. అంత పెద్ద ఒడ్డూ పొడుగూ, అంత వేడి ఇంజన్లూ కొండ మీద పొంచి ఉన్నవాడికి ఎదురుగా కనిపిస్తాయి.

కార్గిల్‌లో మే 28న జరిగింది అదే. భుజాన పెట్టుకుని పేల్చే స్టింగర్ క్షిపణి తగిలి ఒక ఎంఐ-17 కూలింది. వేడిని వెతుక్కుంటూ వచ్చే క్షిపణిని పక్కదారి పట్టించే ఫ్లేర్లు దానికి లేవు. స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుండీర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ఎస్. ముహిలన్, సార్జెంట్ పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్, సార్జెంట్ ఆర్.కె. సాహు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత హెలికాప్టర్లను దాడుల నుంచి తప్పించారు.

వాళ్ల సాహసానికి చేతులెత్తి మొక్కుతాను. రాకెట్లు బిగించేటప్పుడే రక్షణ కూడా బిగించి ఉండాల్సింది. దాడి కోసమే పుట్టిన ప్రచండ్ హెలికాప్టర్ 2022 అక్టోబర్‌లో జోధ్‌పూర్‌లో వాయుసేనలో చేరింది. కార్గిల్ నాటికి మన దగ్గర దాడి హెలికాప్టర్లు ఉన్నా, అంత ఎత్తులో పోరాడగలిగేవి లేవు. వచ్చే మే 28న మన బడుల్లో ఆ నలుగురి పేర్లూ పిల్లలకు చదివి వినిపించండి.